లోపలి గడియ

ఆచరణ దినచర్య. విద్యార్థిని: బోర తవిటేశ్వరి, వయసు నలభై మూడు. చదువు: దుర్బల వయోజనుల రక్షణ, చట్టమూ ఆచరణా, పీజీ రెండో సంవత్సరం. స్థలం: ఏడో మెరక రక్షణ కార్యాలయం. సిరాతోనే రాయాలి. ఏ రోజుది ఆ రోజే రాయాలి. పేజీ చింపకూడదు. అదే రోజు రాసింది కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుందని అట్ట మీద అచ్చేసి ఉంది.

రోజు 1

పొద్దున ఆరున్నరకి నాలుగో మెరకలో బల్లకట్టు ఎక్కి, ఏడింటికి ఏడో మెరకలో దిగాను. మెరకల మధ్య నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పోటు బాగా ఎక్కినట్టుంది. ఈ నీళ్ళ మీద పద్దెనిమిదేళ్ళు లాంచీ కండక్టరుగా తిరిగాను. మనిషి అక్కర్లేని లాంచీలు వచ్చి నా ఉద్యోగం ఊడగొట్టాయి. మళ్ళీ పుస్తకం పట్టిన మొదటి రోజు మా బ్యాచ్ పిల్లలు నన్ను మేడం అనుకుని లేచి నిలబడ్డారు.

ఆఫీసులో నాకిచ్చిన పని చిన్నది. ఎవరు తమని తాము చూసుకోలేరో అండ తేలుస్తుంది. మన చేతి కడియాల్లోంచి రేయింబవళ్ళు వినే సర్కారు యంత్రం, ఆ అండే. అలాంటివాళ్ళని పెద్దమెరకలో ఉన్న రక్షణ నివాసానికి తరలించమని ఉత్తర్వు రాస్తుంది. అయితే చట్టం ప్రకారం ఒక మనిషి కూడా ఒప్పుకోవాలి. ఆ మనిషిని నేను. పలక మీద పేరు వస్తుంది. కింద ‘ఈ వ్యక్తిని నేను చూశాను, మాట్లాడాను’ అని ఉంటుంది. బొటనవేలు ఆనించాలి.

“చూడకుండా ఎలాగండీ?” అని అడిగాను ఆఫీసు ఇన్‌చార్జి కమలాకర్ గారిని. ఆయనకి ముప్పై దాటి ఉండవు.

“అండ చూసేసింది కదండీ. మనది లాంఛనం. ప్రతి బ్యాచూ ఇలాగే చేసిందండీ,” అన్నాడు.

నలుగురితో నారాయణ అనుకున్నాను. నలభై ఒక్క వేలిముద్రలు, పదకొండు నిమిషాలు. బ్యాచ్‌లో నేనే ఫాస్ట్ అట. నలభై మూడేళ్ళ వేలికి ఇంకా పదును ఉందని, నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను.

రోజు 2

మంచినీళ్ళ క్యూలో గంట. బల్లకట్టు మీద నీళ్ళు చిమ్మితే, తాడు లాగే అతను తన తువ్వాలు తీసి నా సంచీ మీద కప్పాడు. ఈ దినచర్య తడవకుండా మిగిలింది అతని పుణ్యమే. కాలేజీకని రెండేళ్ళుగా రోజూ ఇదే ఎక్కుతున్నాను, అతని పేరు తెలీదు. ఎక్కగానే “కూకో” అంటాడు, దిగేటప్పుడు ఏమీ అనడు.

ఇవాళ పద్దెనిమిది వేలిముద్రలు. అవేవీ తరలింపులు కావు, ‘చూశాను’ అన్న మాట అక్కర్లేని మందుల ఉత్తర్వులు.

రోజు 6

వారానికోసారి మా ప్రొఫెసర్ విశాలాక్షి మేడం దినచర్యలు చూస్తారు. మొదటి రోజు పేజీ అంచున ఎర్రసిరాతో ఒకే వాక్యం రాశారు: ‘నలభై ఒక్క ముఖాల్లో ఒకటి వర్ణించు.’

ఒళ్ళు మండిపోయింది. క్లాసయ్యాక వెంటపడి అడిగాను. “మేడం, అందరూ అలాగే చేస్తున్నారు కదా, నా పుస్తకంలోనే రాశారేం?”

“అందరూ ‘ఉత్తర్వులు పరిశీలించాను’ అని రాశారు. పదకొండు నిమిషాలని నిజం రాసింది నువ్వొక్కదానివే. నిజం రాసేవాళ్ళనే కదమ్మా అడగగలం,” అన్నారావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

టికెట్ కొట్టే ముందు ముఖం చూడాలన్నది లాంచీల్లో మాకు చెప్పిన మొదటి పాఠం. ముఖం చూస్తే దొంగ పాసువాడు తెలుస్తాడు. నెలలు నిండిన మనిషి తెలుస్తుంది. నడి నీళ్ళలో దూకడానికి ఎక్కినవాడూ తెలుస్తాడు, అలాంటి ఇద్దర్ని చొక్కా పట్టి ఆపాను కూడా. అలాంటిదాన్ని ఒక్క ముఖం చెప్పలేకపోయాను. బీఏ చదివి టికెట్లు కొట్టిన రోజుల్లో ఉన్న బుద్ధి పీజీకొచ్చాక ఎటు పోయిందో!

రోజు 7

పొద్దున్నే ఆ నలభై ఒక్క పేర్లూ తెరిచాను. ఇరవైతొమ్మిదోది: సూరాడ ఎల్లాజీ, వయసు ముప్పై ఆరు, వృత్తి నాలుగో మెరక, ఏడో మెరక మధ్య బల్లకట్టు లాగడం. పక్కన ఫోటో.

తువ్వాలు కప్పిన మనిషి.

అరగంట క్రితమే అతని బల్లకట్టు మీంచి దిగాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. నేను తెప్ప మీద కూర్చునే తగలేశాను. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు అతను “కూకో” అన్నాడు. కూర్చోలేకపోయాను. కూర్చునేదాకా ముడి విప్పనని తాడు పట్టుకుని నిలబడ్డాడు.

రోజు 8

ఫైలు చదివాను. చట్టం నాలుగు విషయాలు అడుగుతుంది. మనిషికి విషయం అర్థమవుతోందా, మనసులో నిలుస్తోందా, మంచిచెడ్డలు తూచుకోగలడా, తన మాట ఎదుటివాళ్ళకి ఏదో విధంగా తెలపగలడా. ఎల్లాజీకి నాలుగింటికీ సున్నా వచ్చింది. అండ ‘బల్లకట్టు మీద ఎంతమందిని ఎక్కించవచ్చు?’ అని అడిగింది. పన్నెండు సెకన్లు మౌనం. ఎనిమిది దాటితే జవాబు లేనట్టే. ‘ఎక్కువమంది ఎక్కితే ఏమవుతుంది?’ మళ్ళీ మౌనం. ‘తనకూ ఇతరులకూ ప్రమాదం’ అని ముగింపు.

కింద చిన్న అక్షరాల్లో, పరీక్ష గది గుమ్మం దగ్గర తీసుకుని ఉంచిన వస్తువుల పట్టీ ఉంది: తువ్వాలు ఒకటి, తాడుముక్క ఒకటి, దానికి కొయ్యపూసలు ఆరు.

అది చూడగానే కుర్చీలోంచి లేచాను. బల్లకట్టువాళ్ళెవరూ ఒకటి రెండు అని మనుషుల్ని లెక్కపెట్టరు. నలుగురు ఎక్కితే ఒక పుంజీ, తాడు మీద ఒక పూస అవతలికి జరుగుతుంది. ఆరు పూసలూ జరిగాయంటే బల్లకట్టు నిండినట్టు. లెక్క ఆ తాడులో ఉంటుంది. తాడు లాక్కుని లెక్క చెప్పమంటే ఎవడు చెబుతాడు? నా కళ్ళజోడు తీసేసి ఈ ఫైలు చదవమంటే నాకూ సున్నాయే వస్తుంది.

ఇది అండకి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగి చదివి ఉంటే అప్పుడే తెలిసేది.

రోజు 10

“వేలిముద్ర వెనక్కి తీసుకోవచ్చా?” అని కమలాకర్ గారిని అడిగాను.

టీ గ్లాసు కింద పెట్టాడు. “సెక్షన్ ఉందండీ. ఇరవై ఒక్క రోజుల్లోపు, వేసినవాళ్ళే తీసుకోవాలి. నేను ఇక్కడికొచ్చి ఆరేళ్ళైంది, ఎవరూ తీసుకోలేదు. ఆ తర్వాత రోజు పడవ వచ్చి తీసుకెళ్ళిపోతుంది.”

“నేను తీసుకుంటాను. ఒకటి.”

“ఎందుకు తీసుకుంటున్నారో కారణం రాయాలండీ.”

“చూడలేదు కాబట్టి.”

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. “అలా రాస్తే అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది. మీ డిగ్రీ ఉండదు, రిజిస్ట్రేషన్ రాదు. ఎందుకండీ, ‘కొత్త సమాచారం అందింది’ అని రాయండి. ఆ ఒక్కటీ నేను పాస్ చేయించేస్తాను.” నా సంచీ వైపు చూసి, “ఆ దినచర్యలో మొదటి పేజీ మాత్రం... తడిసి పాడైందంటే ఎవరూ ఏమీ అనరు. మన దగ్గర తడవనిదేముందండీ?” అన్నాడు.

మంచికే చెప్పాడు. అందుకే నాకు భయం వేసింది. పేజీ చింపితే డిగ్రీ నాది. రెండేళ్ళు ఎండు చేపలమ్మి కట్టిన ఫీజులు, నిద్ర చెడగొట్టుకుని చదివిన సెక్షన్లు, మా బ్యాచ్ పిల్లలు ముద్దుగా పెట్టిన ‘తవిటక్క లాయరమ్మ’ అన్న పేరు, అన్నీ నావే. ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను. పేజీ చింపలేదు. చింపనని ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు నాకే బుద్ధి మారితే చదువుకోవడానికి.

రోజు 12

సంత రోజు. నాలుగో మెరక రేవులో తోపులాట. కోళ్ళ గంపలు, ఉప్పు బస్తాలు, మేకపిల్లతో ఒక ముసలాయన. ఎల్లాజీ పూసలు జరుపుతున్నాడు. నేనూ పాత అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవైనాలుగు. ఆరో పూస జరిగింది. కానీ అతను ముడి విప్పలేదు.

“ఒకలు దిగాల,” అన్నాడు.

జనం గోల పెట్టారు. “ఓరోరి, బేగి లాగరా! సంత అయిపోద్ది!” అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. మేకపిల్ల కూడా అరిచింది. ఎల్లాజీ తల ఎత్తలేదు, ముడి మీంచి చెయ్యి తియ్యలేదు.

అతని తరఫున మాట్లాడాలన్న ఉత్సాహం నాకు. ముందుకెళ్ళి చెప్పాను. “ఎల్లాజీ, నేను లెక్కపెట్టాను. ఇరవైనాలుగే ఉన్నారు. సరిపోయింది, లాగు.”

అతను నా వైపు వేలు చూపించాడు. “మరి నువ్వో, అప్పా?”

పద్దెనిమిదేళ్ళు లాంచీలో నన్ను నేను ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. కండక్టరు లెక్కలోకి రాదు. మా మేనేజరు నుంచి, ఒకసారి లాంచీ మునిగితే విచారణకొచ్చిన అధికారి దాకా అందరం చేసే తప్పే అది. ఇరవై అయిదో మనిషిని నేనే. బల్లకట్టు మీదివాళ్ళందరూ పగలబడి నవ్వుతుంటే దిగిపోయాను. మళ్ళీ ట్రిప్పుకి నలభై నిమిషాలు పట్టింది. రేవు మెట్ల మీద కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ప్రమాదం తెలియని మనిషని రాసిన కాగితం మీద నా వేలిముద్ర ఉంది.

రోజు 13

ఎల్లాజీ ఉండేది రేవు పక్కన రేకుల గది. ఆనుకునే అతని మేనత్త కాసులమ్మ ఇల్లు. అరవై అయిదేళ్ళుంటాయి, చేపలు ఎండబెడుతోంది. రక్షణ ఆఫీసు నుంచి వచ్చానంటే చేతిలో బుట్ట పారేసినంత పని చేసింది. కాసేపటికి కూర్చోమని పీట వేసి, చింతపండు చారు పోసి అన్నం పెట్టింది. అప్పుడు చూశాను, ఎల్లాజీ గది తలుపుకి గడియ బయట ఉంది. లోపల ఏమీ లేదు.

“గడియ బయట పెట్టావేటమ్మా?”

“మరెక్కడెట్టమంటావు? లోపలెడితే ఈడు రేత్తిరేల లెగిసి నీల్లకాడికెలిపోడా? ఈడి అయ్య, మా తమ్ముడు, అలగే ఎలిపోనాడు. పొద్దున సూస్తే ఒడ్డున వల ఉంది, మనిసి దొరకనేదు. నాను మాటిచ్చినాను మా మరదలికి, అది సచ్చిపోయినప్పుడు. సీకటడితే గడియేసెత్తాను. తెల్లారితే తీసెత్తాను. పంతొమ్మిదేల్లు. ఒక్కనాడు మరిసిపోనేదు. నువ్వు సదువుకున్నదానివి గదా, సెప్పు, తప్పేటి?”

వంట గిన్నెల వైపు చూశాను. కాసులమ్మ చెడ్డది కాదు. వాడికి పెట్టి మిగిలితేనే తాను తింటుందని ఆ గిన్నెలు చూస్తేనే తెలిసింది. కానీ పంతొమ్మిదేళ్ళుగా ఒక ఎదిగిన మనిషి రాత్రి ఒంటికి వెళ్ళాలన్నా అత్త నిద్ర లేవాలి. దీన్ని మా పుస్తకాల్లో నిర్బంధం అంటారు. ప్రేమతో వేసినా గడియ గడియే.

రోజు 14

నిన్న రాత్రి ఆ గడియ సంగతి రాయడానికి ముందు గంటసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాస్తే, ఎల్లాజీని తీసుకెళ్ళడానికి అండకి ఇంకో కారణం దొరుకుతుంది. రాయకపోతే, ఆ గడియ మరో పంతొమ్మిదేళ్ళు అక్కడే ఉంటుంది, దాన్ని దాచినదాన్ని నేనవుతాను. కార్యాలయంవాళ్ళు చూడకుండా వేలు ఆనించారని తిట్టుకుంటూ నేను చూసి కూడా కళ్ళు మూసుకుంటే ఇంక తేడా ఏముంది? అందుకే రాశాను.

రక్షణ నివాసం తలుపులకీ గడియలు బయటే ఉంటాయి. కొత్తవి, చప్పుడు చెయ్యవు.

రోజు 17

ఇవాళ నా కడియమే నాతో మాట్లాడింది. “తవిటేశ్వరి గారూ, మూడు రోజులుగా మీకు నాలుగు గంటల నిద్రే ఉంది. కంఠస్వరంలో ఆవేశం పెరిగింది. ముఖ్యమైన నిర్ణయాలు వాయిదా వేసుకోమని సలహా.”

“నీ సలహా నేనడగలేదు,” అన్నాను.

అదీ నమోదు చేసుకుంది. మధ్యాహ్నం పరీక్ష పెట్టింది. తేదీ చెప్పాను, వందలోంచి ఏడేడు తీస్తూ చెప్పాను, మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పాను. డెబ్భై ఒకటి వచ్చింది. అరవై కంటే తగ్గితే నా వేలిముద్ర నేనే వెనక్కి తీసుకున్నా చెల్లదు. మిగిలింది నాలుగు రోజులు. అక్కడితో ఆగుతుందా? ఇంకా తగ్గితే ఎవరో పిల్ల నా పేరు మీద వేలు ఆనించి, పదకొండు నిమిషాల్లో ఇంటికెళ్ళిపోతుంది. నిద్రపోమని చెప్పినందుకు మాత్రం అండకి కృతజ్ఞతలు. సాయంత్రం ఏడింటికే పడుకుంటాను. పంతానికైనా పడుకుంటాను.

రోజు 18

మూడు పేజీల అర్జీ రాశాను. సెక్షన్లు, పుంజీల తాడు, సంత రోజు సాక్షులు పదిమంది. ఇంత చక్కటి అర్జీ నా జన్మలో రాయలేదు. మధ్యాహ్నం బల్లకట్టు ఖాళీగా ఉన్నప్పుడు ఎల్లాజీ పక్కన కూర్చుని మొత్తం చదివాను. మెల్లగా, తేలిక మాటల్లో. చివర్న, “నువ్వేం భయపడకు, నిన్నెక్కడికీ వెళ్ళనివ్వను. నీ గదిలోనే ఉండేలా చేస్తాను,” అన్నాను.

అతను తాడు లాగడం ఆపేశాడు. బల్లకట్టు నడి నీళ్ళలో నిలబడిపోయింది.

“నన్నడిగినావేటి?”

“ఏం అడగాలి?”

“ఆపీసోలు నన్నడగనేదు. అత్త నన్నడగదు. నువ్వూ అడగనేదు.” గొంతు పెంచలేదు. మళ్ళీ తాడు అందుకుని రేవుదాకా లాగి, నేను దిగేదాకా అటు తిరిగి నిలబడ్డాడు.

సిగ్గేసింది. రెండేళ్ళ చదువులో మొదటి పేజీ మొదటి పాఠం ‘అతని గురించి అతన్నే అడుగు’. పరీక్షలో ఆ ప్రశ్నకి పదికి పది వేయించుకున్నాను. చట్టం నోటికొచ్చినంత మాత్రాన మనిషి మర్యాద వచ్చేస్తుందనుకోవడం నా పొగరు. అర్జీ మూడు పేజీలూ ఇక్కడే మడిచి పెడుతున్నాను. ఇవి పనికిరావు.

రోజు 19

పొద్దున మొదటి ట్రిప్పులో అడిగాను. పూసల తాడు అతని చేతిలోనే ఉంది. కాసులమ్మనీ రమ్మన్నాను. ఎనిమిది సెకన్లు కాదు, జవాబు వచ్చేదాకా ఆగాను. ఆగడం తప్ప నా గొప్పేమీ లేదు. ఏమేం చేయవచ్చో ముందు చెప్పి, “నీకేం కావాలి ఎల్లాజీ?” అన్నాను.

రేవు నుంచి రేవుదాకా లాగాడు. ముడి వేశాడు. అప్పుడు చెప్పాడు.

“పెద్దమెరకకెల్లను. ఈ తాడు నాది. గడియ లోపల గావాల.”

కాసులమ్మ గుండె బాదుకుంది. “ఓలమ్మో! రేత్తిరి నీల్లలో పడిపోతేనోరా?”

“పడితే ఈదుతాను. ఈత వొచ్చు నాకు. నువ్వే నేర్పించేవు.” అత్త వైపు తిరిగాడు. “రేకుల గదత్తా. నిప్పట్టుకుంటే? నువ్వు లెగకపోతే? నానెలగొస్తాను?”

కాసులమ్మ బల్లకట్టు మీదే చతికిలబడింది. పోయిన వేసవిలో రేవులో మూడు రేకుల గదులు తగలబడ్డాయట. ఆ రాత్రి ఆమె తలుపు తీయడానికి లేచేసరికి ఎల్లాజీ లోపల తలుపు బాదుతూనే ఉన్నాడట. అది తానే చెప్పింది, చెంగు నోట్లో కుక్కుకుని. పంతొమ్మిదేళ్ళు నీటికి భయపడిందే కానీ నిప్పు సంగతి ఆలోచించలేదు. ఎల్లాజీ ఆలోచించాడు.

అర్థమైంది, నిలిచింది, తూచుకున్నాడు, చెప్పాడు. నాలుగు. అతని లెక్కలో ఒక పుంజీ. అతను చెప్పిన మాటలు చెప్పినట్టే పైన రాశాను. కింద ఎల్లాజీ వేలిముద్ర, సాక్షిగా కాసులమ్మ వేలిముద్ర. ఆమె వేలు చెంగుకి తుడుచుకుని మరీ వేసింది. ఇవి చూసి వేసిన ముద్రలు.

రోజు 21

ఆఖరి రోజు. తొమ్మిదింటికల్లా కమలాకర్ గారి బల్ల ముందు కూర్చున్నాను. పొద్దున్నే కడియం చూసుకున్నాను, డెబ్భై నాలుగు. రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాను మరి.

ఆయన ఫారం సిద్ధంగా ఉంచాడు. ఎల్లాజీ పేరు, కారణం దగ్గర ‘కొత్త సమాచారం అందింది’. “ఇక్కడ వేలు ఆనించండి, అయిపోతుంది. మీరూ బాగుంటారు, అతనూ బాగుంటాడు.”

“కాగితం చాలదండీ. ఇంకో నలభై కావాలి.”

“అదేంటండీ?”

“నలభై ఒక్కరినీ చూడలేదు. అందరివీ తీసుకుంటున్నాను.”

ఆయన ముఖం ఎర్రబడింది. మొదటిసారి గొంతు పెంచాడు. “అందులో నిజంగా దెబ్బలు తింటున్నవాళ్ళుంటారు! తిండి లేనివాళ్ళుంటారు! మీ పట్టుదల కోసం వాళ్ళని వదిలేస్తారా?”

న్యాయమైన మాటే. రెండు రోజులుగా పగలంతా నేనూ అదే ఆలోచించాను. “ఉంటారు. వాళ్ళెవరో మీకు తెలుసా? నాకు తెలుసా? ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి మూడు రోజుల అత్యవసర రక్షణ సెక్షన్ ఉంది, దానికి వేలిముద్ర అక్కర్లేదు. ఇప్పుడే పెట్టండి. ఈ మూడు రోజుల్లో ఎవరో ఒకరు వెళ్ళి చూడండి. దెబ్బలు తినేవాళ్ళనీ చూడాలి, పూసలతో లెక్కపెట్టేవాళ్ళనీ చూడాలి. చూడమనే కదండీ నా గొడవంతా!”

“నలభై ఒక్కరిని! మనుషులు వెళ్ళి! ఎంతకాలం పడుతుందో తెలుసా?”

“పది పుంజీల మీద ఒకరు. రెండు ట్రిప్పుల జనం. పద్దెనిమిదేళ్ళు రోజూ అంతకి పదింతల ముఖాలు చూశానండీ నేను, కూలి పని అది.”

అండ కడియంలోంచి ఆగమంది. నా నాడి వేగంగా ఉందట. ఉంటుంది. ఒక్కో ఫారం తీసుకున్నాను. ఒక్కో పేరూ పైకి చదివాను. కారణం దగ్గర నా చేత్తో రాశాను: ‘ఈ మనిషిని నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను.’ నలభై ఒక్కసార్లు రాశాను. గంటా యాభై నిమిషాలు పట్టింది. బ్యాచ్‌లో నాకంటే నెమ్మదిగా ఎవరూ చేసి ఉండరు.

కమలాకర్ గారు ఆఖరి ఫారం మీద ఆఫీసు ముద్ర వేసి, కట్ట మీది మొదటి పేరు మళ్ళీ చదివాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అడిగాడు. “ఆ బల్లకట్టు పొద్దున్న ఎన్నింటికండీ?”

“ఆరున్నరకి. ఎక్కగానే కూర్చోవాలి, లేకపోతే లాగడు.”

రోజు 23

నిన్న రావాల్సిన పడవ రాలేదు. నోటీసు మాత్రం వచ్చింది. అబద్ధపు ధ్రువీకరణ మీద విచారణ, అది తేలేదాకా పీజీ నుంచి సస్పెన్షన్. దినచర్య సమర్పించనక్కర్లేదట. సమర్పిస్తాను. ఏ రోజుది ఆ రోజే సిరాతో రాసింది ఇది, ఒక్క పేజీ చింపలేదు. నా మీద సాక్ష్యం ఇదే, వాళ్ళ మీదా ఇదే. విచారణలో మొదటి రోజు పేజీ పైకి చదువుతాను. చదివి, ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పదకొండు నిమిషాల్లో పాసయ్యారో అడుగుతాను. విశాలాక్షి మేడం తానూ వచ్చి ముందు వరసలో కూర్చుంటానని కబురు పంపారు. తాను విద్యార్థినిగా ఉన్నప్పుడు చూడకుండా వేసిన ముద్రలు మూడు వందల పన్నెండట.

డిగ్రీ పోతే ఏడవనని కాదు. ఏడుస్తాను. కానీ వంచిన తలతో ఏడవను.

మధ్యాహ్నం రేవుకి వెళ్ళాను. గడియ కాసులమ్మే తెచ్చింది, తన తమ్ముడి పాత పడవ గదిది, ఇత్తడిది. చింతపండు పెట్టి తోమింది. బయటి గడియ మేకులు ఊడదీస్తుంటే మాత్రం అటు తిరిగి నిలబడింది. పంతొమ్మిదేళ్ళ మేకులు, ఒక పట్టాన రాలేదు. ఎల్లాజీ స్వయంగా పీకాడు. లోపల ఇత్తడి గడియ బిగించి, రెండుసార్లు అటూ ఇటూ జరిపి చూశాడు, పూస జరిపినట్టే.

తర్వాత లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఎండలో ఇద్దరం బయట నిలబడ్డాం. చాలాసేపైంది. కాసులమ్మ చెయ్యి అలవాటుగా తలుపు మీదికి వెళ్ళింది. గడియ ఉండాల్సిన చోట మేకుల కంతలు తగిలాయి. ఆ చెయ్యి అక్కడే ఆగింది. నా వైపు చూసింది. ఆ తర్వాత వేళ్ళు మడిచి, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఆ తలుపు తట్టింది.

లోపలి నుంచి ఎల్లాజీ అడిగాడు.

“ఎవులు?”

ఇద్దరం మా పేర్లు చెప్పి, నిలబడ్డాం.